కోళ్ళ నీళ్ళలో మందు

కుమాసి,
12 నవంబరు 2018

చెరెమె అన్నయ్యకు,

పెద్దమ్మ వేసిన శిక్ష మొదలుపెడుతున్నాను. సెర్వా కాన్పు నా దగ్గరా నీ దగ్గరా అని మనం ఫోన్లో అరుచుకున్నది నీ వాకిట్లో కూర్చున్నవాళ్ళందరూ విన్నారట. "మీ ఇద్దరికీ నోరు ఎక్కువైంది, మీ అమ్మ సంవత్సరీకం దాకా ఫోన్లో మాటలు మాని చేతులతో రాసుకోండి" అని ఆవిడ తీర్పు. సరే. కాగితం మీద ఒక సుఖం ఉంది. నా మాట మధ్యలో నువ్వు అడ్డం రాలేవు. ఈ ఉత్తరం గుడ్ల వ్యాను డ్రైవరు ఒఫోసు చేతికిస్తున్నాను, జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

కాన్పు నీ దగ్గరే అని నువ్వు గెలిచావు. నా కూతురు మేనమామ ఇంట్లో సుఖంగానే ఉంటుంది, అందులో నాకు సందేహం లేదు. పైగా నా కాలు ఇంకా కట్టులోనే ఉంది, ప్రయోగశాలలో ఎత్తు స్టూలు మీద కూర్చోబెడితే కూర్చుంటున్నాను, దింపితే దిగుతున్నాను. రాలేను. అందుకే రాస్తున్నాను.

ఆగస్టులో వచ్చినప్పుడు నీ షెడ్లలోంచి కోళ్ళ రెట్ట డబ్బీల్లో పట్టుకొచ్చాను, గుర్తుందా? "కుమాసిలో రెట్ట దొరకదా" అని నవ్వావు. ఆ రెట్టలోని క్రిములను పెంచి చూశాను. బోట్వే నీకు అమ్మే తెల్లపొడి, అదే నువ్వు కోడిపిల్లల నీళ్ళలో కలిపే కోలిస్టిన్, వాటి మీద పనిచేయడం లేదు. అది కోళ్ళ మందు అని బోట్వే చెబుతాడు. కానీ అన్ని మందులూ ఓడిపోయాక మనుషుల ప్రాణం కోసం డాక్టర్లు దాచుకునే ఆఖరి మందు అదే.

సెర్వాను షెడ్లలోకి పోనివ్వకు. పొడి కలపనివ్వకు. నెలలు నిండుతున్న పిల్ల.

నువ్వు కోప్పడతావని తెలిసే రాశాను.

నీ చెల్లెలు
అఫ్రకోమా


డోర్మా,
16 నవంబరు

అఫ్రకోమా,

కోప్పడను. కోప్పడితే పెద్దమ్మ గొర్రె జరిమానా వేస్తుంది, నా దగ్గర గొర్రెలు లేవు, కోళ్ళే ఉన్నాయి.

కానీ ఒకటి అడుగుతాను. నీ కూతుర్ని పనిమనిషిని చేశాననుకున్నావా? నేను పోయాక ఈ షెడ్లు ఎవరివి? మన ఆచారంలో నా కొడుకులవి కావు, వాళ్ళు వాళ్ళ అమ్మ ఇంటివాళ్ళు. నా అక్కచెల్లెళ్ళ పిల్లలవి. అంటే సెర్వావి. తన సొత్తు తను చూసుకుంటోంది. "అమ్మ కుమాసిలో కూర్చుని భయాలు పొదుగుతోంది మామా" అని నవ్వింది నీ ఉత్తరం వినిపిస్తే. పొడి కలపడంలో దాని చేతికి ఉన్న కొలత నాకు కూడా లేదు.

ఇక మందు సంగతి. నువ్వు చెప్పింది నిజమే. నాకూ అనుమానంగానే ఉంది, ఈ సారి కోడిపిల్లలు ఎక్కువ పోయాయి. బోట్వేని కొట్లోనే నిలదీశాను. "కల్తీ కాదన్నా, నా తల్లి మీద ఒట్టు. నీ చెల్లెలు చదువుకున్నది కనుక చుట్టు తిప్పి రాసింది. డోసు చాలడం లేదని దానర్థం" అన్నాడు. అందుకని రెట్టింపు చేశాను. రెండు రోజుల్లో పిల్లలు తేరుకున్నాయి. నీ చదువు ఇన్నాళ్ళకు నా కోళ్ళకు పనికొచ్చింది, థాంక్స్.

మందు మానమంటావేమోనని ముందే చెబుతున్నా. బజారులో పెట్టెల్లో గడ్డకట్టి ఉన్న కోడికాళ్ళు చూశావా? సముద్రం దాటి వస్తాయి, నా కోడి కంటే చవక. వాళ్ళ దేశం వాళ్ళకు మేపుడు ఖర్చు సగం ఇస్తుంది. నాకు మన ప్రభుత్వం ఇచ్చింది ఒక క్యాలెండర్. జిల్లాకంతా ఒక పశువుల డాక్టరు, ఆయనకు బండి లేదు. పిల్ల పోతే బోట్వే దగ్గరికి పోక ఎవరి దగ్గరికి పోను, నీ డబ్బీల దగ్గరికా?

సెర్వా బాగా తింటోంది. రోజూ ఫుఫూ ముద్ద, చేపల పులుసు. దాని మొగుడు ఒపోంగ్ గని నుంచి పండుగకి గానీ రాడట.

అన్న
చెరెమె


కుమాసి,
20 నవంబరు

అన్నయ్యా,

ఒక్క పూట నా ఉత్తరం పూర్తిగా చదువు. ఎన్ని పేజీలైనా సరే.

మందు చాలలేదని నేను రాయలేదు. పనిచేయడం లేదని రాశాను. ఈ రెండింటికీ తేడా ఉంది, ఆ తేడాలోనే నా భయమంతా ఉంది.

ఆ క్రిమి చుట్టూ రెండు గోడలుంటాయి. బయటి గోడ కొవ్వుతో అల్లింది. ఆ కొవ్వు మీద ఫాస్ఫేటు ముక్కలు కొక్కేల్లా పొడుచుకుని ఉంటాయి. కోలిస్టిన్ ఆ కొక్కేలను పట్టుకుని వేలాడి గోడను చింపేస్తుంది. క్రిమి చస్తుంది. ఇదీ మందు పని. కానీ నీ షెడ్లలోని క్రిమి దగ్గర ఒక ఎంజైము ఉంది. దాని పుట్టుక చూస్తే ఆశ్చర్యం. ఫాస్ఫటేజులని ఒక పాత వంశం ఉంది, అన్ని జీవుల్లోనూ కనిపిస్తుంది. వాటి పని కత్తిరించడం. గుప్పెట్లో జింకు పట్టుకుని, దొరికిన పదార్థం నుంచి ఫాస్ఫేటు ముక్కను కత్తిరించి నీళ్ళలోకి వదిలేస్తాయి, క్రిమి దాన్ని తిండిగా లాక్కుంటుంది. క్రిమి రెండు గోడల మధ్య సందులోనే ఆ పనంతా జరుగుతుంది. ఈ కొత్తది ఆ వంశానికి దాయాది. అదే జింకు, అదే గుప్పెట, అదే కోత. కానీ కోసిన ముక్కను పారేయదు. తీసుకెళ్ళి బయటి గోడ కొక్కేనికి తొడుగులా కుట్టేస్తుంది. ఇక మందుకి పట్టు దొరకదు. నువ్వు రెట్టింపు పోసినా, బస్తా పోసినా జారిపోతుంది. నీ కోడిపిల్లలు తేరుకున్నది దానివల్ల కాదు, రోగం దానంతట అదే తగ్గి ఉంటుంది.

ఇంకా ఉంది. ఆ ఎంజైమును తయారుచేసే సూత్రం ఒక చిన్న గుండ్రటి ఉంగరం మీద రాసి ఉంటుంది. ఆ ఉంగరం పక్క క్రిమికి ఇచ్చుకోవచ్చు, మనం చుట్టానికి చీర ఇచ్చినట్టు. కోడి క్రిమి మనిషి క్రిమికి ఇస్తుంది. అందుకే కోళ్ళను ముట్టుకున్న చేతులు కడుక్కోవాలి.

గత వారం ఒక పరదేశీ ప్రొఫెసరు మా దగ్గరికి వచ్చాడు. నీ కోళ్ళ రెట్టలోంచి వచ్చిన ఆ ఎంజైము ఆకారం తెర మీద చూసి, "ఎంత అందంగా ఉంది" అన్నాడు. బొమ్మ పత్రికలో వేద్దామన్నాడు. ఆ కోళ్ళు పెంచేవాళ్ళ సంగతేమిటని అడిగాను. అది తన విభాగం కాదన్నాడు. నేను లేచి వెళ్ళలేక, కాలు కట్టులో ఉంది కదా, అతని మొహం మీదే చెప్పాను. మీ దేశంలో కోడి నోట్లో ఈ పొడి వేస్తే శిక్ష, ఓడలో వేసి మా రేవుకు పంపితే లాభమా అని. అందరూ కిందికి చూశారు. ఇక్కడి మేధావుల గొప్ప విద్య అదే, సమయానికి కిందికి చూడడం.

నిన్ను అనడం లేదు. నిన్ను ఈ మూలకు నెట్టినవాళ్ళను అంటున్నాను. కానీ క్రిమికి నీ న్యాయం తెలియదు.

ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యం. మందు పలచబడితే ఇంకా ప్రమాదం. రెట్టతో మట్టిలోకి, నీళ్ళలోకి కొంచెం కొంచెంగా పోయిన పొడి ఏ క్రిమినీ పూర్తిగా చంపదు. మామూలువాటిని వెనక్కి నెట్టి, తొడుగున్నవాటిని ముందుకు తెస్తుంది. కనుక పొడి ఎక్కడా పారబోయకూడదు. మానేయాలి, మిగిలింది మూత పెట్టి నాకు పంపాలి.

సెర్వా ఫోన్లో "బాగున్నానమ్మా" తప్ప ఏమీ చెప్పదు. నువ్వు పక్కనే ఉంటావు కాబోలు.

అఫ్రకోమా


డోర్మా,
5 డిసెంబరు

అమ్మమ్మ అయిన అఫ్రకోమాకు,

ఆడపిల్ల. నవంబరు 26, తెల్లవారుతుండగా. కొన్ని రోజులు ముందే వచ్చింది, మంత్రసాని అందుకోవడానికి పరుగెత్తాల్సి వచ్చింది. సెర్వా నా చెయ్యి పట్టుకుని "మామా, అమ్మకు చెప్పకు, ఆ కాలుతో బస్సెక్కుతుంది" అంది. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు, తిట్టాలనుకుంటే దాన్నే తిట్టు.

మొన్న ఎనిమిదో రోజు. అంతవరకూ బిడ్డ చూసిపోవడానికి వచ్చిన అతిథి అంటారు కదా, మన అతిథి నిలబడింది. ఒపోంగ్ తరఫువాళ్ళు వచ్చి వాళ్ళ నాయనమ్మ పేరు బిరాగో అని పెట్టారు. తర్వాత వాళ్ళ పెద్దాయన అందరి ముందూ ఏమన్నాడో తెలుసా? "ఈ పిల్ల నాలుక మీద చుక్కలు చెరెమె వేయాలి. అబద్ధం ఆడని మనిషి, పదిమందికి కూడు పెట్టే మనిషి. ఆయన గుణం పిల్లకు రావాలి" అన్నాడు. ఆ పొద్దున కోడిపిల్లల లోడు దిగింది, షెడ్డులోంచి అలాగే వచ్చి నిలబడ్డాను, గుడ్డ మాత్రం మార్చుకున్నాను. వేలు ముంచి నీళ్ళ చుక్క నాలుక మీద వేసి "నీళ్ళంటే నీళ్ళే అను" అన్నాను, సారా చుక్క వేసి "సారా అంటే సారాయే అను" అన్నాను. మూడేసి సార్లు. నీళ్ళు మన షెడ్డు ట్యాంకువే, ఊళ్ళో అంత తియ్యటి నీళ్ళు లేవు. పిల్ల చప్పరించింది. అందరూ నవ్వారు.

నీ పెద్ద ఉత్తరం పురిటి హడావిడిలో సగం చదివాను. తొడుగు సంగతి బాగుంది. క్రిములు తొడుగు వేసుకుని లోపలే ఉంటే మనకు మంచిదేగా, ఎందుకంత కంగారు? మిగతా పేజీలు తీరిగ్గా చదువుతాను, ఎక్కడో పెట్టాను.

బిరాగో ఎంత మంచి పిల్లనుకున్నావ్. నిన్నటి నుంచి ఏడుపే లేదు. పడుకోబెడితే పడుకునే ఉంటుంది, పాలకు కూడా లేవదు. ఒళ్ళు చల్లగా, మెత్తగా. "ఈ పిల్ల తల్లిని సుఖపెట్టడానికే పుట్టింది" అంటోంది పెద్దమ్మ.

అన్న


కుమాసి,
5 డిసెంబరు, సాయంత్రం

అన్నయ్యా, ఒఫోసుని గేటు దగ్గర ఆపి రాస్తున్నాను. ఫోన్ చేశాను, నువ్వు తీయలేదు. పెద్దమ్మకిచ్చిన మాట నిలబెట్టుకుంటున్నావు. సెర్వా ఫోన్ ఆగిపోయి ఉంది.

పాలకు లేవని బిడ్డ మంచి బిడ్డ కాదు. అంత చిన్న పిల్లకు రక్తంలో విషం పాకితే జ్వరం రాదు, చల్లబడుతుంది. ఏడవడానికి బలం ఉండదు.

ఈ ఉత్తరం చదవడం ఆపి పిల్లను తీసుకుని జిల్లా ఆసుపత్రికి వెళ్ళు. తెల్లవారనివ్వకు, పెద్దమ్మ ఏమన్నా విననవసరం లేదు. అక్కడ డాక్టరుతో నీ షెడ్లలో ఏ పొడి వాడావో, నీళ్ళు ఎక్కడివో, ఎవరి వేలో అన్నీ చెప్పు. చెప్పకపోతే వాళ్ళు చీకట్లో వెతుకుతారు.

అఫ్రకోమా


జిల్లా ఆసుపత్రి వరండా,
7 డిసెంబరు

చెల్లీ,

నువ్వు రాసినట్టే జరిగింది. తీసుకొచ్చేసరికి పిల్ల పెదవులు బూడిద రంగులో ఉన్నాయి. అడోంగో అని కుర్ర డాక్టరు, ఉత్తరాది మనిషి, చేతుల్లోంచి లాక్కున్నంత పని చేశాడు. నీతో ఫోన్లో మాట్లాడానని చెప్పాడు. పిల్ల రక్తంలో పెరిగిన క్రిమిని సీసాలో పెట్టి ఐసులో వేసి ఒఫోసు చేతికిచ్చాడు, ఈ ఉత్తరంతో పాటు నీకు అందుతుంది.

రెండు మందులు ఇచ్చారు. పనిచేయలేదు. మూడోది కూడా. హర్మటాన్ ఎడారిగాలి దుమ్ము వార్డు కిటికీల్లోంచి వచ్చి అన్ని మంచాల మీదా పడుతోంది, నర్సులు తుడుస్తూనే ఉన్నారు. పిల్ల ముక్కులో గొట్టం ఉంది. ఊపిరి మధ్యలో ఆగుతుంది. ఆగినప్పుడల్లా సెర్వా పాదం మీద వేలితో కొడుతుంది, మళ్ళీ మొదలవుతుంది. సెర్వా నిద్రపోదు. పోతే ఎవరు కొడతారంటుంది. నేను కొడతానన్నాను. నా చేతిని చూసింది.

ఇప్పుడొక మంచి మాట. ఆఖరి మందు కోలిస్టిన్ ఉందని, అది ఈ ఆసుపత్రిలో లేదని డాక్టరు అన్నాడు. ఆ పేరు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మందు నాకు తెలుసు, నా కోడిపిల్లలను నిలబెట్టిన మందు. బోట్వేకి కబురు పెట్టాను. మనిషి నాలుగు మాటలు పడేవాడే కానీ, సరిహద్దు దాటి అబిజాన్ వైపు నుంచి ఇంజెక్షన్లు తెప్పించి తెల్లారేసరికి తెచ్చిచ్చాడు. క్రిమిని పెంచిన పళ్ళెంలో మందు బిళ్ళ పెట్టి చూస్తే దాని చుట్టూ ఖాళీ వలయం వచ్చిందట, అంటే పనిచేస్తుందట. రేపు మొదలుపెడతారు.

కోళ్ళ సంగతి డాక్టరుకు చెప్పలేదు. ఆయన అడగలేదు. తెలిస్తే షెడ్లు మూసేస్తారని బోట్వే అన్నాడు. ఆ షెడ్లు సెర్వావే కదా. ఇప్పుడు దానికి ఇంకేం మిగిలింది?

చెరెమె


కుమాసి,
9 డిసెంబరు

అన్నయ్యా,

డాక్టరు అడోంగోకి ఫోన్లో చెప్పేశాను, ఆ ఇంజెక్షను ఆపమని. నీకు మాత్రం రాతలోనే చెబుతున్నాను, మళ్ళీ మళ్ళీ చదువుకోవడానికి వీలుగా ఉంటుందని.

పిల్ల రక్తంలోని క్రిమికి తొడుగుంది. ఆగస్టులో నీ షెడ్డు నుంచి తెచ్చిన క్రిమి పక్కన పెట్టి చూశాను. అదే ఉంగరం, అదే ఎంజైము. బిళ్ళ చుట్టూ కనిపించిన వలయం అబద్ధం. కోలిస్టిన్ బరువైన మందు, పళ్ళెంలోని జిగురులో సరిగా పాకదు, అందుకే ఆ పరీక్ష చావనివాటిని కూడా చచ్చేవాటిలా చూపిస్తుంది. ద్రవంలో పెంచి చూడాలి. నేను రాత్రంతా అదే చేశాను. ఎంత మందు పోసినా తెల్లారేసరికి ద్రవం మబ్బుగా తయారైంది. ఆ మబ్బు నా మనవరాలి రక్తంలో ఉన్నది. చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళు ఈ వంశాల గురించి పాఠాలు చెప్పాను.

ఒకటి మాత్రం పనిచేసింది. మెరోపెనెం. ఇక్కడ మూడు ఆసుపత్రుల్లో అడుక్కుని సంపాదించాను, ఒఫోసు తెస్తున్నాడు. నిలబడుతుందో లేదో నాకు తెలియదు. తెలిసినట్టు నటించను.

డాక్టరుకు కోళ్ళ సంగతి నేనే చెప్పాను. ఆయనేమీ షెడ్లు మూయడు. "మా నాన్న కూడా అదే పొడి వాడతాడు మేడమ్" అన్నాడు.

నాకిప్పుడు కోపం తప్ప ఏమీ లేదు, దాన్ని ఎవరి మీద పెట్టాలో నాకు బాగా తెలుసు. ఆ పొడిని గుట్టలుగా తయారుచేసి తమ పిల్లలకు దూరంగా, మన పిల్లల దగ్గరగా అమ్మేవాళ్ళ మీద. రేవులో సంతకం పెట్టి వదిలేసినవాళ్ళ మీద. ఒక బోట్వేని డాక్టరుగా నిలబెట్టి, అసలు డాక్టరుకు బండి కూడా ఇవ్వనివాళ్ళ మీద. నువ్వు అబద్ధం ఆడని మనిషివని ఒపోంగ్ తరఫువాళ్ళు అన్నది నిజమే, నీ వేలిని ఆ పనికి వాడుకున్నవాళ్ళు వేరే ఉన్నారు.

కానీ నీ చేతిలో ఉన్నది నువ్వు చేయాలి. ఆ పొడి నీ ఇంట్లో ఒక్క గింజ మిగలకూడదు. నీ ఇంట్లోనే కాదు, బోట్వే కొట్లో కూడా. ఆ ఊళ్ళో ఆ సంచి ఒక్కటి కూడా నా కళ్ళకు కనపడకూడదు.

పాదం మీద కొడుతూ ఉండమను సెర్వాను.

అఫ్రకోమా


డోర్మా,
18 డిసెంబరు

చెల్లీ,

బిరాగో బతికింది. ఈ మాట ముందు రాసి తర్వాత కలం కింద పెట్టి కాసేపు బయటికెళ్ళి వచ్చాను.

నువ్వు పంపిన మందు మొదలుపెట్టిన మూడో రోజుకి పిల్ల కాళ్ళు కదిలించింది. అయిదో రోజుకి గొట్టం తీశారు. పాలు తాగుతోంది, తాగి నర్సు మీద కక్కింది, నర్సు ముద్దు పెట్టుకుంది. ఒపోంగ్ గని నుంచి వచ్చి వార్డు గుమ్మంలోనే కూలబడ్డాడు. శుక్రవారం ఇంటికి పంపిస్తామన్నారు. సెర్వా మొదటిసారి ఆరుగంటలు నిద్రపోయింది, లేచి "పిల్ల పాదం ఎవరు చూశారు" అంది. నేను చూశానన్నాను. చేతులు కడుక్కున్నావా మామా అంది. కడుక్కున్నాను, మోచేతుల దాకా. "సరే అయితే" అంది. ఆ ఒక్క మాటకి నేను ఎంత ఎదురుచూశానో నీకు తెలియదు.

నేను మొండివాణ్ణని అంటావు. ఈసారి నీ మాట అక్షరం తప్పకుండా చేశాను. చిన్న కోళ్ళ షెడ్డు ఖాళీ చేశాను, ఉన్నవి ఉన్నట్టు అమ్మేశాను. నా దగ్గరున్న పొడి సంచులన్నీ బయటికి లాగించాను. బోట్వే కొట్టుకి వెళ్ళి అతని సరుకు మొత్తం కొనేశాను. "ఇంత పొడి ఏం చేసుకుంటావన్నా" అన్నాడు. నీకు అనవసరం అన్నాను. ఇంకో రైతు చేతిలో పడకూడదు కదా. పక్క ఊరి కొట్లో కూడా ఉందని తెలిసి అది కూడా తెచ్చాను.

నిన్న పొద్దున ఒపోంగూ నేనూ బండి మీద వేసుకుని ఊరి ఎగువన వాగు దగ్గరికి వెళ్ళాం. అక్కడైతే నీళ్ళు జోరుగా ఉంటాయి, ఏదీ నిలవదు. ఒక్కొక్క సంచి కత్తితో చీల్చి దులిపాం. చేతులకు సంచులు కట్టుకునే చేశాంలే, భయపడకు. ఖాళీ సంచులు కూడా కడిగాం. వాగు కాసేపు తెల్లగా పోయింది, తర్వాత మామూలే. శుక్రవారం పిల్ల వచ్చేసరికి ఈ ఊళ్ళో ఆ పొడి ఆనవాలు కూడా ఉండదు.

కింద బిందెలు నింపుకుంటున్న ఆడవాళ్ళు నీళ్ళు తెల్లబడ్డాయని కేకలేశారు. గట్టు దిగి వెళ్ళి నేనే సర్ది చెప్పాను. "నింపుకోండమ్మా, ఏం కాదు. విషం కాదు, మందే" అన్నాను.

నీ అన్న
చెరెమె